ఎనభై ఏడో స్లైడు

నరసరావుపేటలో డాక్టర్ అమరేశ్వరరావు సంతకం గుర్తుపట్టని డాక్టరు లేడు. పేరులో మొదటి అక్షరం పెద్దగా, తక్కినదంతా ఒకే గీతగా సాగే ఆ సంతకం ముప్పై ఏళ్ళుగా పల్నాటి రోగుల చేతుల్లో తిరుగుతోంది. ఒంట్లోంచి తీసిన ముక్కనో నీరునో గాజు పలక మీద పరిచి, మైక్రోస్కోపులో చూసి, జబ్బు ఉందో లేదో తేల్చే పాథాలజిస్టు ఆయన. ఆ పని కోసం గుంటూరు దాకా పోనక్కర్లేకుండా ఈ ఊళ్ళో మొదలుపెట్టింది ఆయనే. మాచర్ల నుంచి వినుకొండ దాకా ఏ సర్జనైనా ఆపరేషన్ తేదీ వేసే ముందు "అమరేశ్వరరావు గారు ఏమన్నారు?" అని అడిగేవాడు. ఆ మాట తన చెవిన పడ్డప్పుడల్లా ఆయనకు కడుపు నిండినట్టుండేది.

అలాంటి మనిషికి యాభై తొమ్మిదో ఏట ఒక మిషను మీద కోపం వచ్చింది.

ఆయన పనిచేసే ఆసుపత్రి యజమాని పుల్లారావు కూడా డాక్టరే. హైదరాబాదులో ఏదో కంపెనీ వాళ్ళు మూడు నెలలు ఊరికే వాడుకుని చూడమంటే ఆ మిషన్ని తెచ్చి ల్యాబులో పెట్టించాడు. స్లైడు లోపలికి తోస్తే అది మూల మూలా ఫొటో తీస్తుంది. తర్వాత కంప్యూటరులో ఉన్న కృత్రిమ మేధ ఆ ఫొటో అంతా వెతికి, అనుమానం ఉన్న కణాల చుట్టూ ఎర్రగీత గీస్తుంది. అమరేశ్వరరావు దగ్గర జూనియరుగా ఉన్న నీరజకు అది బాగా నచ్చింది. ఎండీ ముగించి రెండేళ్ళు కాలేదు ఆ అమ్మాయికి. నువ్వు తప్పు బ్రాంచి తీసుకున్నావమ్మా, పదేళ్ళు పోతే మన కుర్చీల్లో ఇదే కూర్చుంటుంది అని ఆయన నవ్వుతూ అనేవాడు. నవ్వు పైపైనే. తనతో చదువుకున్నవాళ్ళు వాట్సాప్‌లో పంపే వార్తలన్నీ అదే చెప్పేవి. ఆయన వాటిని రెండేసి సార్లు చదివి, మూసేసి, కాసేపు ఊరికే కూర్చునేవాడు.

జనవరిలో ఊళ్ళో డాక్టర్లందరి మీటింగు ఉంది. కృత్రిమ మేధ వల్ల పాథాలజిస్టుల బతుకు తెరువు పోతుందా అన్నదే ఆ నెల అంశం. మన మిషను ఎలా పనిచేస్తోందో మీరే పరీక్ష పెట్టి, ఫలితం మీటింగులో చెప్పండని పుల్లారావు ఆయన్నే అడిగాడు. అమరేశ్వరరావు ఒప్పుకున్నాడు. ఒప్పుకున్న క్షణంలోనే ఏ స్లైడులు ఇవ్వాలో కూడా అనుకున్నాడు.

రెండున్నరేళ్ళ కిందట ఒక ట్రస్టు వాళ్ళు మాచవరం చర్చి ఆవరణలో ఆడవాళ్ళకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరు పరీక్ష శిబిరం పెట్టారు. నూట ఇరవై ఆరు మంది పరీక్షకు వచ్చారు. ఆ స్లైడులు మూడు పెట్టెల్లో ల్యాబు అలమరలో ఉన్నాయి. అందరికీ ఏమీ లేదనే రిపోర్టు వెళ్ళింది. వాటినే మిషనుకు ఇస్తే, అది ఎర్రగీత గీసినచోటల్లా తప్పు చేసినట్టే. ఆ పెట్టెలు నీరజ ముందు పెట్టి, వీటిలో ఒక్కదానిలోనూ జబ్బు లేదు, నేనే చూశాను, నీ మిషను ఏమంటుందో చూద్దాం అన్నాడు.

మిషను పదకొండింటికి ఎర్రగీత గీసింది.

గురువారం మధ్యాహ్నం నీరజ ఆ పదకొండు నంబర్లూ కాగితం మీద రాసిచ్చి భోజనానికి వెళ్ళింది. ఆయన మైక్రోస్కోపు ముందు కూర్చున్నాడు. మొదటిది ఒట్టి వాపు. రెండోది స్లైడు ఎండిపోయి రంగు సరిగా పట్టలేదు. మూడోది రక్తం ముద్ద. ఒక్కొక్కటి తీసి పక్కన పెడుతుంటే ఆయన మనసు తేలికపడుతూ వచ్చింది. పది స్లైడులు అయ్యేసరికి నోట్లో ఏదో పాత కూనిరాగం కూడా వచ్చింది.

పదకొండోది ఎనభై ఏడో నంబరు. లెన్సు కింద పెట్టి సరిచేసుకున్నాడు. కూనిరాగం ఆగిపోయింది.

వెతకాల్సిన పనే లేదు. కణాలు గుంపుగా కళ్ళెదుట ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కి, లోపలి కేంద్రకాలు నల్లగా ఉబ్బి, అంచులు నలిగిపోయి ఉన్నాయి. చదువు మొదలుపెట్టిన రెండో ఏడు పిల్లలు కూడా చెప్పగలరు. ఇది తన కన్ను దాటి ఎలా పోయిందని ఆయన ఆశ్చర్యపడబోయాడు. అంతలోనే ఆ సాయంత్రం గుర్తొచ్చింది.

ఆ రోజుల్లో ఈ ఆసుపత్రి కాక ఊళ్ళో ఇంకో ఆరు ల్యాబులకు ఆయన సంతకమే నడిచేది. ఆ సాయంత్రం గుంటూరులో పెళ్ళి ఉంది. ట్రస్టు మనిషి ఆదివారం ప్రార్థన తర్వాత కాగితాలు పంచాలని తొందరపెడుతూ బయట బల్ల మీద కూర్చున్నాడు. మొదటి పెట్టె ఆయన శ్రద్ధగానే చూశాడు. రెండోది పేకముక్కలు తిప్పినట్టు తిప్పాడు. మూడోది మూత కూడా తీయలేదు. రిపోర్టులు ముందే టైపు చేసి ఉన్నాయి. వరసగా సంతకాలు పెట్టేసి కారెక్కాడు. ఎనభై ఏడో నంబరు మూడో పెట్టెలోది.

దీన్ని పొరపాటు అనడానికి కూడా లేదు. పొరపడాలన్నా ముందు చూసి ఉండాలి.

తలుపు బయట చెప్పుల చప్పుడు వినిపించింది. ఆయన ఆ స్లైడుకు కాగితం చుట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఎందుకు వేసుకున్నాడో ఆ క్షణాన ఆయనకే తెలియదు. చెయ్యి తనంతట తను చేసింది. నీరజ లోపలికి రాగానే పదీ తప్పులేనమ్మా అన్నాడు.

"లిస్టులో పదకొండు కదా సార్?"

"ఒకటి పగిలింది. వదిలెయ్."

నీరజ ఆయన ముఖంలోకి ఒక్క క్షణం చూసి సరే సార్ అంది.

ఆదివారం ఉదయం మీటింగులో ఆయన బాగా మాట్లాడాడు. పదింటికి పదీ తప్పు చెప్పిన మిషన్ని నమ్మి ఆడకూతుళ్ళను ఆపరేషను బల్ల మీదికి ఎక్కిద్దామా అని అడిగాడు. అందరూ నవ్వారు. ప్రతి స్లైడు వెనకా ఒక మనిషి ఉంటుంది, ఆ సంగతి మిషనుకు తెలియదు అన్నాడు. అది ఆయన ముందురోజు రాసుకున్న వాక్యమే. పైకి చదివాక మాత్రం తర్వాత ఏం చెప్పాలో తోచలేదు. మంచినీళ్ళు తాగాడు. కాగితంలో చోటు వెతుక్కున్నాడు. వెనక వరసలో కూర్చున్న నీరజ తల వంచుకుని ఉంది. చప్పట్లు కొట్టారు. పుల్లారావు వచ్చి భుజం తట్టి, మీరుండగా మాకు మిషనెందుకు లెండి అన్నాడు. అమరేశ్వరరావు భోజనానికి ఆగకుండా ఇంటికి పోయాడు. ఒంట్లో బాగాలేదా అని భార్య సుశీల అడిగితే ఎండలో తిరిగానని చెప్పాడు. జనవరిలో ఎండ ఏమిటని ఆవిడ అడగలేదు.

సోమవారం శిబిరం రిజిస్టరు తీశాడు. ఎనభై ఏడు: ప్రేమమ్మ, భర్త రాజారత్నం, నలభై నాలుగేళ్ళు, మాచవరం. పక్కన ఉన్న ఫోను నంబరు పనిచేయడం లేదు. ఆ మాట మీద ఆయన మంగళవారం సాయంత్రం దాకా గడిపేశాడు. ఈపాటికి ఇంకెక్కడైనా చూపించుకుని ఉంటుందిలే అనుకున్నాడు. నయమైపోయి ఉంటుందనుకున్నాడు. బుధవారం పొద్దున కాఫీ తాగుతుండగా ఇంకో ఆలోచన వచ్చింది. ఒకవేళ ఆ మనిషి ఈ రెండున్నరేళ్ళలో చనిపోయి ఉంటే, ఇక ఎవరికీ ఏమీ తెలియదు. ఆ ఆలోచన వెంట మెత్తగా ఒక ఊరట కూడా వచ్చింది. ఆ ఊరటకు ఆయన భయపడ్డాడు. కాఫీ కప్పు అక్కడే పెట్టి, డ్రైవరుకు చెప్పకుండా తనే కారు తీశాడు.

పిడుగురాళ్ళ దాటాక సున్నం బట్టీల పొగలోంచి పోయి మాచవరం చేరేసరికి పదకొండయింది. చర్చి దగ్గర అడిగితే ఇల్లు చూపించారు. ప్రేమమ్మ బతికే ఉంది. బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతుందట. నడుం నొప్పిగా ఉందని ఆ రోజు ఇంటి దగ్గరే ఉంది. రాజారత్నం తాపీ పనికి పోయాడు. తన పేరు చెప్పగానే ఆవిడ కంగారుగా లేచి, ప్లాస్టిక్ కుర్చీ కొంగుతో తుడిచి వేసింది. చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఆరోగ్యం ఎలా ఉందమ్మా అని అడిగాడు.

"ఏముందండీ, నాలుగు నెల్లనుంచి మద్దెమద్దెలో రక్తం కనపడతంది. నడుం ఒకటే గుంజుడు. ఆశా అమ్మాయి చూపిచ్చుకోమని చానాసార్లు చెప్పింది. నేనే మీ కాగితం తీసి చూపిచ్చా. పెద్ద డాక్టరు గారు ఏం లేదని రాసిచ్చారు, ఇంకేంది నీ గోల అన్నా."

ఆ కాగితం బైబిల్లో పెట్టుకుంది. తడవకుండా ప్లాస్టిక్ అట్ట వేయించి ఉంది. ఆవిడ తెచ్చి ఆయన చేతికే ఇచ్చింది. కింద ఆయన సంతకం ఉంది.

చెప్పాలనే వచ్చాడు. నోరు తెరిస్తే ఇంకో మాట వచ్చింది. కొత్త మిషను వచ్చిందనీ, పాత పరీక్షలన్నీ మళ్ళీ చూస్తున్నామనీ, మీ దాంట్లో అదేదో అనుమానం అంటోందనీ, రేపు ఒకసారి నరసరావుపేట రమ్మనీ చెప్పాడు.

"మిషన్లదేముంది లెండి," అంది ప్రేమమ్మ ఆయనకే ధైర్యం చెబుతున్నట్టు. "మీరు చూశారుగా."

తిరుగు దారిలో ఆయన రెండుసార్లు కారు రోడ్డు పక్కన ఆపాల్సి వచ్చింది.

మర్నాడు భార్యాభర్తలిద్దరూ వచ్చారు. ఆడ డాక్టరు పరీక్ష చేసి, ముఖం మార్చుకుని, చిన్న ముక్క తీసి ల్యాబుకు పంపింది. ఆ ముక్కను తాను చూడనని అమరేశ్వరరావు నీరజకు ఇచ్చాడు. రెండు రోజుల తర్వాత ఆమె రిపోర్టు తెచ్చింది. క్యాన్సరే. అయితే ఇంకా గర్భాశయ ముఖద్వారం దాటలేదు. ఆపరేషన్ చేసి రేడియేషన్ కరెంటు పెట్టిస్తే నయమయ్యే అవకాశం బాగానే ఉంది. రెండున్నరేళ్ళ కిందటే చూసి ఉంటే చిన్న చికిత్సతో, ఒక్క పూటలో పోయేది.

ఆయన జేబులోంచి స్లైడు తీసి బల్ల మీద పెట్టాడు.

"పగల్లేదమ్మా."

"తెలుసు సార్," అంది నీరజ. "దాని ఫొటో మిషన్లో ఉంది. ఆ రోజు భోజనానికి పోకముందే చూశాను."

మరి ఎందుకు చెప్పలేదని ఆయన అడిగాడు. మీరే చెబుతారనుకున్నానంది. మీటింగులో చెబుతారని కూడా అనుకుందట. తర్వాత పుల్లారావు గారి గది దాకా వెళ్ళి, ఎలా మొదలుపెట్టాలో తెలియక వెనక్కి వచ్చిందట. "అక్కడ ఒకావిడ ఉంటుందని తెలిసి కూడా నేను వారం ఊరుకున్నాను సార్. నాకూ సిగ్గుగానే ఉంది" అంది. అప్పుడు ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తను దాచింది ఒక స్లైడునే కాదనీ, ఈ పిల్ల నోరు కూడా తనే నొక్కాడనీ ఆయనకు అర్థమైంది.

ఆ సాయంత్రమే రాజారత్నాన్నీ ప్రేమమ్మనూ తన గదిలో కూర్చోబెట్టి చెప్పాడు. నీరజ కూడా ఉంది. జబ్బు సంగతి చెప్పాడు. ఆ జబ్బు గుర్తు అప్పటి స్లైడులోనే ఉందని చెప్పాడు. ప్రేమమ్మకు సగమే అర్థమైంది. ఆవిడ భర్త వైపు చూసింది. రాజారత్నం గోళ్ళలో ఇంకా సిమెంటు ఉంది. ఆ చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని ముందుకు వంగాడు.

"చూసి పొరబడ్డారా, అసలు చూళ్ళేదా?" అని అడిగాడు.

"చూళ్ళేదు."

"మేం చదువుకున్నోళ్ళం కాదు సార్. ఆ కాగితంలో ఏం రాసుందో మాకేం తెలుసు? సంతకం ఉందా లేదా అని చూసుకున్నాం."

అమరేశ్వరరావు క్షమించమన్నాడు. ఆ మాట గదిలో ఎవరికీ చెందనట్టు ఉండిపోయింది. రాజారత్నం అరవలేదు. అరిచి ఉంటే బాగుండునని ఆయనకు అనిపించింది. భార్యను లేపుతూ లేపుతూ రాజారత్నం మళ్ళీ ఆగాడు.

"మరి తతిమ్మా వాళ్ళయ్యి? ఆ రోజు మా ఆడోళ్ళు నూటిరవై మంది ఇచ్చారుగా. వాళ్ళయ్యన్నా చూశారా?"

ఆయన దగ్గర ఉన్న జవాబు ఒక్కటే.

"అన్నీ చూసింది మిషనొక్కటే" అన్నాడు.

వారం కిందట ఇదే మనిషి, వంద మంది డాక్టర్ల ముందు నిలబడి, ఈ మిషను తన పని లాక్కుంటుందా లేదా అని వాదించాడు. లాక్కోవడానికి ఆ మూడో పెట్టె దగ్గర తను వదిలిపెట్టని పని ఏముందని ఆ రాత్రి మంచం మీద పడుకుని లెక్క వేసుకున్నాడు. ఏమీ తేలలేదు.

తెల్లారి పుల్లారావు దగ్గరికి పోయి అంతా చెప్పాడు. పుల్లారావు తలుపు గడియ పెట్టి వచ్చాడు. పేషెంటుకు మనమే వైద్యం చేయిద్దామనీ, అంతటితో సరిపోతుందనీ, ఈ వయసులో బజారున పడటం ఎందుకనీ మెల్లగా నచ్చజెప్పాడు. అందులో స్నేహమూ ఉంది, ఆసుపత్రి పేరు మీద భయమూ ఉంది. అమరేశ్వరరావు వినలేదు. మీటింగుకు వచ్చిన డాక్టర్లందరికీ ఉత్తరం రాశాడు. మిషను గీసిన గీతలు పది కాదు, పదకొండు; పదకొండోది నిజం; దాన్ని నేను దాచాను; ఆ రిపోర్టు మీద స్లైడు చూడకుండా సంతకం పెట్టింది నేనే. ఇంతే రాశాడు. రాజారత్నానికి కూడా ఒక కాపీ ఇచ్చి, ఫిర్యాదు చేసుకోదలిస్తే ఇది పనికొస్తుందని చెప్పాడు. రాజారత్నం తీసుకున్నాడు. ఫిర్యాదు చేశాడు కూడా. విచారణ ఇంకా నడుస్తోంది.

ఆరు ల్యాబులకూ సంతకం మానేశాడు. ఆసుపత్రిలో కూడా ఇకమీదట నీరజదే సంతకం. కొన్నాళ్ళపాటు కారిడారులో ఆయన ఎదురైతే డాక్టర్లు గడియారాలు చూసుకునేవారు. నాలుగో రోజున ఒక కుర్ర సర్జన్ మాత్రం ఆగి, మీరు రాయకపోతే ఎవరికి తెలిసేది సార్ అన్నాడు. ఆ మాట ఆయనకు మెచ్చుకోలులా అనిపించలేదు.

మూడు పెట్టెలూ మళ్ళీ మొదటి నుంచి చూశాడు. రోజుకు పాతికకు మించి చూడలేదు. రెండో పెట్టెలో ముప్పై స్లైడుల తర్వాత ఒకదానిలో కణాలు కాస్త తేడాగా కనిపించాయి. మిషను దాన్ని వదిలేసింది. నీరజ చూసి అవునంది, మీరు చూడకపోతే పోయేది సార్ అంది. ఒక్క నిమిషం పాత హాయి లోపలికి వచ్చింది. ఆ పెట్టెను తను పేకముక్కల్లా తిప్పాడన్నది గుర్తొచ్చి, ఆ నిమిషం కూడా పోయింది. రెండు కళ్ళూ కావాలి సార్, మిషనుదీ మనదీ అంది నీరజ. ఆయన తల ఊపాడు. మనదీ అన్న మాటలో తను ఉన్నాడో లేడో అడగలేదు.

రెండున్నరేళ్ళ పాత స్లైడులు చాలవు, అందరికీ మళ్ళీ పరీక్ష చేయాలని తేలింది. మార్చి చివరి ఆదివారం, ప్రార్థన అయ్యాక, అదే చర్చి ఆవరణలో బల్లలు వేశారు. పాస్టరు గారు మైకిచ్చారు. అమరేశ్వరరావు మైకు పక్కన పెట్టి, తను చేసిన పని నిలబడి చెప్పాడు. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని విన్నారు. ఒక ముసలావిడ, అయితే అప్పుడు మా చేత ఊరికే కాళ్ళు చాపించారన్నమాట అంది. ఒక్కొక్కరే లేచి చెప్పులు వేసుకోవడం మొదలుపెట్టారు. పరీక్ష బల్ల దగ్గరికి ఎవరూ రాలేదు.

అప్పుడు ప్రేమమ్మ వచ్చింది. ఆపరేషన్ అయి గుంటూరులో కరెంటు పెట్టించుకుంటోంది. ఆదివారం కనుక ఇంటికి వచ్చింది. సగానికి సగం చిక్కిపోయింది. చెట్టు నీడలో కుర్చీ వేయించుకుని, వెళ్ళిపోతున్నవాళ్ళను పేరు పేరునా వరస కలిపి పిలిచింది. వదినా, ఏమే చిన్నమ్మాయ్, ఇట్టా రా అంది. నాకు నాలుగు నెల్లు రక్తం పడితే కాగితం చూసుకుని కూసున్నా, మీరట్టా కూసోమాకండి అంది. తనకు పరీక్ష చేసిన డాక్టరమ్మే వచ్చిందనీ, మంచిదనీ, ఈసారి మిషనూ మనిషీ ఇద్దరూ చూస్తారనీ చెప్పింది. ఒకరిద్దరు వెనక్కి తిరిగారు. తర్వాత వరస కట్టారు.

అమరేశ్వరరావు రిజిస్టరు పట్టుకుని పేర్లు పిలిచే పనిలో ఉన్నాడు. ఎండ ఎక్కాక ఆవిడ దగ్గరికి పోయి, మీరిక ఇంటికి పోయి పడుకోండమ్మా, మీ మేలు మరవలేను అన్నాడు.

ప్రేమమ్మ ఆయన వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, కుర్చీ తుడిచి వేసిన నాటి ఆదరమూ లేదు.

"నేను మీ కోసం రాలేదండీ. వీళ్ళ కోసం వచ్చా."

"తెలుసమ్మా" అన్నాడు ఆయన.

తిరిగి బల్ల దగ్గరికి వచ్చి తర్వాతి పేరు పిలిచాడు. ఎవరూ లేవలేదు. మళ్ళీ పిలిచాడు. ఆవిడ మిరపకోతకు పోయింది, పొద్దుగూకితే గాని రాదని ఎవరో చెప్పారు. అప్పటిదాకా ఉంటానని చెప్పి, ఆ పేరు పక్కన గుర్తు పెట్టుకున్నాడు.